నాలుగు వారాల అమ్మ

‘‘అమ్మా, ఇంకో నెల ఉండకూడదూ?’’

శాన్‌హోసెలో కారెక్కాక అక్క అలా అడగడం అది మూడోసారి. పురుడు పోయడానికి వచ్చిన అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా పదిరోజులే ఉంది. మూడు నెలల పాపతో ఉద్యోగం ఎలా చేయాలన్నది అక్క బెంగ. అమ్మ మాట్లాడలేదు. విశాఖలో ఒంటరిగా ఉన్న నాన్న గుర్తొస్తున్నట్టున్నారు.

కాలిఫోర్నియా తీరంలో శాన్ సిమియన్ దాటాక, ఒకటో నంబరు హైవే పక్కన బావ కారు ఆపాడు. ఆ చోటు పేరు పియెద్రాస్ బ్లాంకాస్. టికెట్ లేదు, గేటు లేదు. చెక్క బాట మీద నిలబడి చూస్తే... కింద ఇసుకంతా ఎలిఫెంట్ సీల్సే! మగవాటికి తొండంలా వేలాడే ముక్కు, రెండు టన్నుల బరువు.

ఒంట్లోని కొవ్వు నుంచి నూనె తీయడానికి 19వ శతాబ్దంలో వీటిని విపరీతంగా వేటాడారు. ఇక లేనట్టేననుకున్నారు. మెక్సికోలోని గ్వాడలూపె దీవిలో మాత్రం కొన్ని మిగిలాయి. 1922లో ఆ దేశం రక్షణ కల్పించాక మెల్లగా పెరిగాయి. ఈ తీరానికి 1990లో వచ్చాయి. 1992లో ఇక్కడ తొలి పిల్ల పుట్టింది. ఇప్పుడు ఏటా వేలల్లో పుడుతున్నాయి.

నీలం కోటు వేసుకున్న వాలంటీరు ఒకావిడ తల్లుల గురించి చెప్పింది. పిల్ల పుట్టాక తల్లి దాదాపు నాలుగు వారాలు పాలు ఇస్తుంది. అన్నాళ్లూ తిండి ముట్టదు. పిల్ల మూడు రెట్లకు పైగా పెరిగితే, తల్లి బరువు మూడోవంతుకు పైగా తగ్గిపోతుంది. ఆ తర్వాత ఓ రోజు సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లలు మరో రెండు నెలలు ఒడ్డునే ఉండి, లోతులేని నీళ్లలో వాటంతటవే ఈత నేర్చుకుంటాయి.

‘‘అంత చిన్నపిల్లని వదిలేసి ఎలా పోతుందో!’’ అంది అక్క.

‘‘పోక ఏం చేస్తుందే? దాని ఒంట్లో ఇంకేం మిగిలిందని?’’ అంది అమ్మ.

ఎవరం మాట్లాడలేదు. పాపని భుజాన వేసుకున్న అమ్మ చేతికేసి చూశాను. వచ్చేటప్పుడు మణికట్టుకు సరిపోయిన గాజులు మోచేతి దాకా జారిపోయాయి. అక్క కూడా అటే చూస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు అక్క ఆ మాట మళ్లీ అడగలేదు. పాపని తన ఒళ్లోకి తీసుకుని, ‘‘సీటు వెనక్కి వాల్చుకుని కాసేపు పడుకోమ్మా’’ అంది.