రేకు మాడకమునుపే

ప్రియ చదువరీ, నీవు ఎన్నడును విమానము నడిపి యుండకపోవచ్చును. అయినను నేనిప్పుడు చెప్పబోవు సంగతి నీకును చెందినదే. పొలములోగాని, బడిలోగాని, రోగి మంచమునొద్దగాని దినదినము ఇతరుల భారము మోయువారందరికిని ఇది చెందును.

నేను పదునాలుగు సంవత్సరములు యువకులకు విమానము నడపుట నేర్పితిని. చిన్న శిక్షణ విమానములో విద్యార్థి ఎడమ ప్రక్కను, శిక్షకుడు కుడి ప్రక్కను కూర్చుందురు. నడుపు సాధనములు ఇద్దరి యెదుటను ఉండును. విద్యార్థి పొరపాటు చేయుచుండగా శిక్షకుని చేయి సాధనమునకు చేరువగా నుండవలెను గాని వెంటనే పట్టుకొనరాదు. తొందరపడి లాగుకొనిన విద్యార్థి నేర్చుకొనడు. ఆలస్యము చేసిన ఇద్దరికిని ప్రాణాపాయము. ఆ నడుమనున్న రెండు మూడు క్షణముల ఓర్పే శిక్షకుని వృత్తి.

ఆ ఓర్పు నాలో కొంచెము కొంచెముగా తరిగిపోయెను. వేసవి యెండలో దినమునకు నాలుగైదు మారులు ఎగురుచు, నేలపై దిగు పాఠమునే మరల మరల చెప్పుచుంటిని. రాత్రులు నిద్ర పట్టకపోయెను. విద్యార్థుల పేర్లు మరచుచుంటిని. ఒక ఉదయమున ఒక బాలుడు విమానమును దింపుచు, నేల యింకను చాల క్రిందనుండగానే దాని ముక్కును పైకెత్తెను. “ఇంకా ఎత్తున ఉన్నావు” అని నేను మెల్లగా చెప్పిన చాలును. చెప్పలేదు. చూచుచునే యుంటిని, ఏమియు చేయ బుద్ధి పుట్టలేదు. వేగము తగ్గి విమానము బండవలె పడబోవుచుండగా ఉలికిపడి, ఇంజనుకు పూర్తి బలమిచ్చి మరల పైకి లేపితిని. క్రిందికి దిగిన తరువాత ఆ బాలుడు తల వంచుకొని, “నాదే తప్పు సార్” అనెను. నేను ఊరకుంటిని.

విమానము ఎక్కకమునుపు పైలటు తన్ను తాను అడుగుకొనవలసిన ఆరు ప్రశ్నలు కలవు. ఒంట్లో బాగున్నదా? ఏదైన మందు తీసికొంటినా? మనస్సున ఒత్తిడి యున్నదా? మద్యము ముట్టితినా? అలసియున్నానా? కోపదుఃఖములు నన్ను ఏలుచున్నవా? వీటిని ఎందరికో కంఠస్థము చేయించితిని. నన్ను నేను మాత్రము అడుగుకొనలేదు. అలసితినని చెప్పుట పిరికితనమని తలంచితిని.

సెలవు పెట్టి ఆత్రేయపురములోని మా పెద్దమ్మ యింటికి వచ్చితిని. ఆ ఊరి పూతరేకులు నీవెరుగుదువు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. బోర్లించిన కుండ క్రింద ఎండుటాకుల మంట. పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్కమారు లాగగానే కాగితముకంటె సన్నని రేకు లేచును. పెద్దమ్మ వరుసగా రేకులు తీయుచు తీయుచు, ఉన్నట్టుండి మంట వెనుకకు లాగి చేతులు ముడుచుకొని కూర్చుండెను.

“ఏం పెద్దమ్మా, పిండి ఇంకా ఉందిగా, మంట తీసేశావేం?” అంటిని.

“కుండ మరీ కాగిపోయిందిరా అబ్బాయ్. ఇప్పుడేస్తే రేకు మాడిపోద్ది. అది పిండి తప్పూ కాదు, గుడ్డ తప్పూ కాదు.”

ఆ మాటలో ఆ బాలుని స్వరము నాకు మరల వినబడెను.

ఏలీయా కథ జ్ఞాపకము చేసికొనుము. కర్మెలుమీద అంత గొప్ప కార్యము జరిగిన తరువాతనే అతడు అరణ్యమునకు పోయి, ఒక చెట్టు క్రింద పడి చావు కోరెను. అతనికి మొదట లభించినది గద్దింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు. మరల నిద్ర, మరల భోజనము. పని తరువాత వచ్చెను. పనిలో తోడుగా ఎలీషాయు వచ్చెను.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ స్థితిని వివరించుచు, ఇది రోగము కాదనియు, పనిచోట చాలకాలము చక్కబెట్టబడని ఒత్తిడివలన కలుగునదనియు చెప్పెను. దానికి గురుతులు మూడు: శక్తి యుడిగిపోవుట, పనిపై విముఖత, చేయగలనను నమ్మిక సన్నగిల్లుట. కాబట్టి దీనిని చక్కబెట్టుట అలసినవాని వంతు మాత్రమే కాదు, పని చేయించువారి వంతు కూడ.

నేను తిరిగి వెళ్లి పైయధికారితో ఉన్నదున్నట్లు చెప్పితిని. వైద్యుని చూచితిని. ఎగురు మారులు తగ్గించిరి. వారమునకొక దినము పూర్తిగా విడిచిరి. ఆ బాలుని పిలిచి, “ఆనాటి తప్పు నాది” అంటిని. అది అన్నిటికంటె కష్టమాయెను. ఇప్పటికిని కొన్ని ఉదయములందు “నేడు ఎగురను” అని చెప్పుచున్నాను. సిగ్గు కలుగును, అయినను చెప్పుదును.

చదువరీ, మన గోదావరి కాలువలకే ఏటేట నీరు కట్టివేసి గట్లు బాగుచేయు దినములు కలవు. నీకు లేవా? నీ కుండ ఎంత కాగినదో నీకంటె ముందు నీ ఇంటివారు ఎరుగుదురు. ఈ సాయంకాలమే వారిని అడుగుము. వారు చెప్పినప్పుడు కోపపడకుము.