సాయానికి వచ్చినవాళ్లకు మన సాయం

1961లో అధ్యక్షుడు కెనడీ మొదలుపెట్టిన పీస్ కోర్ అనే స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున అమెరికా యువతీయువకులు 1976 దాకా మన దేశంలో పనిచేశారు. పల్లెలకు పంపేముందు వాళ్లకు స్థానిక భాష నేర్పేవాళ్లు: ఆంధ్రకైతే తెలుగు, మైసూరు రాష్ట్రానికైతే కన్నడ.

అలా కన్నడ నేర్చుకుని ఒక కొత్త మనిషి మన చిక్కబళ్లాపురం వైపు బాగేపల్లిలోనో చింతామణిలోనో దిగితే? బడిలో, బోర్డుల మీద కన్నడ. చాలా ఇళ్లలో తెలుగు. సంతలో రెండూ కలగలిసిన మాట. ఇక్కడి యోగి కైవారం తాతయ్య కూడా రెండు భాషల్లోనూ తత్వాలు చెప్పినవాడే. ఇదంతా తరగతి గదిలో పట్టుబడేది కాదు, ఊళ్లో నలుగురి మధ్య కూర్చుంటేనే వస్తుంది.

చిక్కబళ్లాపురం చుట్టుపక్కల సేవాసంస్థలకు ఇప్పటికీ విదేశీయులు వస్తుంటారు. వాళ్లు కనబడగానే మనం వచ్చీరాని ఇంగ్లిష్ అందుకుంటాం. వద్దు. నిదానంగా మన మాటే మాట్లాడదాం. ఇంటికి పిలిచి రాగిముద్ద పెట్టి, నమలకుండా మింగడం నేర్పుదాం. పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేసే పనిలో చెయ్యి కలపనిద్దాం. జీవనది లేని ఈ సీమలో చెరువు నిండితే ఊరంతా ఎందుకు పండగ చేసుకుంటుందో చెబుదాం.

దేశం కాని దేశంలో ఎవరికైనా మొదటి నెలలే కష్టం. సేవ చేయాలని వచ్చిన మనిషి ముందు మన దగ్గర నేర్చుకోవాలి. నేర్పే ఓపిక మనకుండాలి. వాళ్లు ఇక్కడ చేయబోయే ప్రతి మంచిపనికీ పునాది అదేనని నా నమ్మకం.