‘అర్థమైందా?’

బడిలో మనం అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. తమిళం పీరియడ్‌లో ‘పురింజుదా?’ అనేవారు, తెలుగు పీరియడ్‌లో ‘అర్థమైందా?’ అనేవారు. అరవైమందిమీ ఒకే గొంతుతో ‘అయింది టీచర్’ అనేవాళ్ళం. పాఠం ముందుకు సాగిపోయేది. ఆలోచిస్తే అది ప్రశ్నే కాదు, పాఠానికి పెట్టే ఫుల్‌స్టాప్.

నాకు ఈ ధ్యాస కలిగింది మా అక్క వల్ల. అక్క బీ.ఎడ్. రెండో ఏడు చదువుతోంది. ఈ రెండేళ్ళ కోర్సులో 20 వారాలు బడిలో గడపాలి. ప్రతి పాఠానికీ ముందే లెసన్ ప్లాన్ రాయాలి. అందులో తను అడగబోయే ప్రశ్నలే కాదు, పిల్లలు చెప్పబోయే జవాబులు కూడా ఉండాలి! రాత్రిపూట అక్క రాస్తూంటే నేను చార్టులకు రంగులు వేసేదాన్ని. అమ్మ తెలుగులో, నాన్న తమిళంలో ‘ఇంకా పడుకోలేదా’ అని కేకలేసేవాళ్ళు.

ఆ ప్లాన్‌లో ‘విమర్శనాత్మక ఆలోచన’ అని ఒక గడి ఉంది. దాని గురించి అక్కావాళ్ళకు ఒక రోజంతా శిక్షణ ఇచ్చారు. బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త, ఆయన తోటివాళ్ళు 1956లో చెప్పిన ఆరు మెట్లు, తెలుసుకోవడం నుంచి విలువ కట్టడం దాకా, వరసగా నోట్సు రాయించారట. ప్రశ్న అడిగే సందు ఎవరికీ దొరకలేదు. పిల్లల చేత ప్రశ్నలు అడిగించడం ఎలాగో డిక్టేషన్‌లో నేర్పారన్నమాట.

తర్వాత అక్క ఏడో తరగతికి సైన్సు పాఠం చెప్పింది. చల్లటి నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట చెమ్మ ఎక్కడిది? గాలిలోని ఆవిరి చల్లబడి నీరైంది అన్నది ప్లాన్‌లో రాసుకున్న జవాబు. కానీ వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, “లోపలి నీళ్ళే ఊరాయి మిస్, మట్టికుండకు ఊరదా?” అంది. అక్క తప్పు అనలేదు, ఒప్పూ అనలేదు. “నీ మాట నిజమో కాదో ఎలా తేల్చుకుందాం?” అని అడిగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి నీళ్ళలో ఇంకు కలుపుదామంది. కలిపారు. బయటి చుక్కలకు రంగు రాలేదు. “ఇంకు లోపలే ఆగిపోయి నీళ్ళు మాత్రం వచ్చుంటే?” అని ఇంకొకతె. అయితే అసలు నీళ్ళే లేని గ్లాసును చల్లబరిచి చూద్దామని మరొకతె. అంతలో బెల్లు కొట్టారు. ఆ రాత్రి మా ఫ్రిజ్‌లో ఖాళీ గ్లాసు పెట్టి తీస్తే, దాని మీదా చెమ్మ పట్టింది!

పరిశీలనకు వచ్చిన మేడమ్ మాత్రం రికార్డులో ‘పాఠ్యాంశం పూర్తి కాలేదు, కాలం వృథా’ అని రాశారు. మార్కులు తగ్గాయి. అక్క మర్నాటి ప్లాన్‌లో ప్రశ్నలు తగ్గించుకుంది. నాకు బాధ కలిగింది అక్కడే. ఆ మేడమ్‌ని అని లాభం లేదు. ఆవిడకూ ఎవరూ అలాంటి క్లాసు చూపించి ఉండరు.

చూపించినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకోవాలి. అందుకని ముందు టీచర్లే శిక్షణలో ఆ ప్రయోగాలన్నీ చేతులతో చేశారు, పొరబడ్డారు, వాదించుకున్నారు. తర్వాత నెలనెలా కలిసి, క్లాసులో తాము జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలను మాట్లాడుకునేవారు. పిల్లలు ‘సవాలీరామ్’ అనే కల్పిత వ్యక్తికి ప్రశ్నలు ఉత్తరాలు రాస్తే జవాబులు వచ్చేవి. పరీక్షలు పుస్తకం తెరిచి రాసేవి. కార్యక్రమం వందల బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

నాకు తోచింది ఇది. ‘నాకు తెలియదు, చూద్దాం’ అనే మాట శిక్షణలో ఒక్కసారైనా ధైర్యంగా అనని టీచరు, క్లాసులో అనలేదు. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లు ఏటా కనీసం 50 గంటలు శిక్షణ తీసుకోవాలంటోంది. ఆ గంటలు నోట్సు రాసుకోవడానికే పోతే ఏం ప్రయోజనం? అవతల పరీక్ష కంఠస్థాన్నే అడుగుతూ, పరిశీలకులు పాఠం పూర్తయిందా లేదా అనే చూస్తూంటే, ఎంత శిక్షణ ఇచ్చినా టీచరు పాతదారే పడుతుంది. అవీ మారాలి.

మనలో చాలామంది రేపు బీ.ఎడ్.కే వెళ్తాం. ఆ అలవాటు ఇక్కడే చేసుకుందాం. ఈ గోడపత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించి, దారంతో పెన్ను కట్టాను. తెలుగులోగానీ తమిళంలోగానీ, ఏ పాఠం మీదైనా మీ అనుమానం రాయండి. జవాబు తెలిసినవాళ్ళు వెంటనే రాసెయ్యకండి. దాన్ని ఎలా తేల్చుకోవచ్చో రాయండి. మేడమ్‌లు కూడా రాయొచ్చు.