పాటకు ఓటు

పాట బాగుందో లేదో తేల్చడానికి బత్తలపల్లెలో ఒకప్పుడు సెల్‌ఫోను అక్కర్లేదు. జాతరకు పౌరాణిక నాటకం ఆడించేవాళ్లు. కృష్ణుడు పద్యం ఎత్తుకుని హార్మోనియంతో పోటీపడి రాగం తీసేవాడు. నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్లు. నచ్చకపోతే బీడీ ముట్టించుకోవడానికి లేచిపోయేవాళ్లు. మన తాడిపత్రిలోనే పుట్టిన నటుడు బళ్లారి రాఘవకు నాటకంలో ఆ రాగాల సాగతీత గిట్టేది కాదంటారు. మా ఊరికి మాత్రం అదే నాటకం.

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక ఆ తీర్పు టీవీ ముందుకొచ్చింది. విత్తనానికి శెనిక్కాయలు ఒలుస్తూనే పిల్లల పాటలకు మార్కులు వేసేవాళ్లం. అసలు పాఠం ఆ కార్యక్రమం నడిపిన గాయకుడు బాలు మాటల్లో ఉండేది. పాట రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, మాట ఎక్కడ విరవాలి, ఏ అక్షరం ఎలా పలకాలి, అన్నీ విడమరిచి చెప్పేవారు. 1966లో సంగీత దర్శకుడు కోదండపాణి సినిమాకు పాడించకముందు ఆయనా పోటీల్లో పాడినవారే. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి గొంతులు ఆ వేదిక మీద నుంచే మనకు తెలిశాయి.

పాటల పోటీల మోజు మన ఒక్కరిదే కాదు. కరువుకు ఓర్వలేక ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు తక్కువేం కాదు. కువైట్‌లో ఒక ఇంట వంట చేసే మా పిన్నమ్మ ఫోనులో అనేది: “ఈడ గూడా పాటల పోటీ వస్తాది నాయనా. మాట అర్థం కాదు గానీ, వాళ్లోడు ఓడిపోతే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు.”

ఏడవడంతో ఆగలేదు కూడా. 2003లో అరబ్ దేశాల ‘సూపర్ స్టార్’ పాటల పోటీ నుంచి లెబనాన్ గాయకుడు వైదొలగాల్సి వస్తే బీరూట్‌లో అభిమానులు గొడవకు దిగారు. జోర్డాన్ అమ్మాయి డయానా కరజోన్ గెలిచింది. 2013లో ‘అరబ్ ఐడల్’ గెలిచిన మొహమ్మద్ అస్సాఫ్ గాజాలోని ఖాన్ యూనిస్ శరణార్థి శిబిరంలో పెరిగినవాడు. కైరోలో ఎంపిక జరిగే హోటలుకు ఆలస్యంగా చేరి, గోడ దూకి లోపలికి పోయాడు. తోటి పాలస్తీనా యువకుడు తన నంబరు ఇచ్చేస్తేనే పాడగలిగాడు. అతను గెలిచిన రాత్రి గాజా వీధులు పండగ చేసుకున్నాయి.

మనం వేరా? 2006 ఇండియన్ ఐడల్‌లో కారుణ్య రెండో స్థానంలో ఆగిపోతే నొచ్చుకున్నాం. 2010లో శ్రీరామచంద్ర గెలిస్తే పొంగిపోయాం. తెలుగువాడని ఓటేశాం. ఆ ఓట్లలో గొంతుకు ఎన్ని, పుట్టిన ఊరికి ఎన్ని అని ఎవరూ లెక్క తీయలేదు. అయినవాడికి ఓటేయడం తప్పు కాదు. దాన్ని సంగీతానికిచ్చిన తీర్పనుకోవడమే తప్పు.

విజేత పేరు నాలుగేళ్లకు మరుగున పడుతుంది. పోటీ వల్ల మిగిలేదల్లా చెవికి అబ్బిన జ్ఞానమే. 2020లో బాలు వెళ్లిపోయారు గానీ, ఆయన నేర్పిన వినికిడి మా ఊళ్లో ఇంకా ఉంది. ఈసారి ఓటు మీట నొక్కే ముందు, ఆ పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో పక్కనున్న పిల్లలకు చెప్పండి.