పైక్స్ పీక్‌లో మా పాత బండికి జ్వరం

కొలరాడోలోని పైక్స్ పీక్ ఎత్తు 14,115 అడుగులు. పైదాకా 19 మైళ్ళ ఘాట్ రోడ్డుంది. మా పదిహేనేళ్ళ పాత ఎస్‌యూవీలో పిల్లలతో బయల్దేరాం. పైన గాలి పలుచనై బండి ఆయాసపడింది గానీ, ఎక్కేసింది. అసలు పరీక్ష దిగేటప్పుడే! గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్ చక్రాల వేడి కొలిచి, "బ్రేకులు బాగా వేడెక్కాయి, పక్కన ఆపండి" అన్నాడు.

"నాన్నా, మన బండికి జ్వరమా?" అంది మా చిన్నది.

అవునమ్మా, తప్పు నాదే. లో గేరు వేయకుండా బ్రేకు తొక్కుతూనే దిగాను. పైగా, ఖర్చెందుకులే అని అరిగిన ప్యాడ్లు మార్పించలేదు. అరగంట చల్లారనిచ్చి, లో గేరులో మెల్లగా దిగాం. ఇంటికి రాగానే ప్యాడ్లూ, తేమ పీల్చుకున్న పాత బ్రేక్ ఆయిలూ మార్పించాను.

పాత బండి కొని డబ్బు మిగుల్చుకోండి, తప్పులేదు. బ్రేకుల దగ్గర మాత్రం పొదుపు వద్దు.