సొరుగులో బంగారం

మా అమ్మాయి కాపురం హైదరాబాదులో, మాదాపూరులో. తెనాలి నుంచి ఏడాదికొకసారైనా వెళ్ళి నాలుగు రోజులుండి వస్తుంటాను. అమీర్‌పేటలో మెట్రో రైలెక్కి హైటెక్ సిటీలో దిగితే మరో దేశంలో దిగినట్టే ఉంటుంది. 1998లో సైబర్ టవర్స్ వెలిసినప్పుడు ఊరంతా వింతగా చెప్పుకున్న ఆ గుండ్రటి మేడ, ఇప్పుడు అద్దాల మేడల నడుమ చిన్నబోయి నిలబడి ఉంది. దారినపోయే కుర్రాళ్ళు తమలో తామే మాట్లాడుకుంటుంటే, మొదటిసారి నేను కాస్త కంగారుపడ్డమాట నిజం. తర్వాత తెలిసింది, మాటలు ఫోనులోనని!

ఇన్ని వేల ఫోన్లూ పాతబడితే ఎక్కడికి పోతాయన్న సందేహం మాత్రం మొన్న సంక్రాంతికే వచ్చింది. పండుగకు ఇల్లు సర్దుతూ మా అమ్మాయి టీవీ కింద సొరుగు లాగింది. ఏడు పాత ఫోన్లు బయటపడ్డాయి. రెండింటి బ్యాటరీలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. అన్నిటికీ అడుగున రంగు వెలిసిన మీటల ఫోను ఒకటి. అది మా ఆవిడది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

సరిగ్గా అప్పుడే వీధిలో ‘పాత సామాన్లు కొంటాం’ అని మైకు వినిపించింది.

“అన్నీ కలిపి ఇచ్చేద్దామా నాన్నా?” అంది అమ్మాయి. నేను పలకలేదు.

ఇంజనీరింగు చదివే మా మనవడు అడ్డుపడ్డాడు. “బండికి వెయ్యకమ్మా. వీటిలో బంగారం ఉంది!”

నవ్వాను. వాడు నవ్వలేదు; లెక్క చెప్పాడు. 2001లో మూతపడిన కోలారు గనుల్లో చివరి రోజుల్లో టన్ను రాయి తవ్వితే దొరికింది కొద్ది గ్రాములే. టన్ను పాత ఫోన్లలో సుమారు 300 గ్రాములుంటుందట. టోక్యో ఒలింపిక్స్ పతకాలకు కావలసిన బంగారమూ, వెండీ, కంచూ జపాను ప్రజలిచ్చిన పాత ఫోన్ల నుంచీ, ఇతర పరికరాల నుంచే తీశారు. అందులో బంగారం 32 కిలోలు.

“అయితే మన ఏడింటికీ ఎంతొస్తుందిరా?”

“ఒక్కోదానికి గ్రాములో ముప్ఫయ్యో వంతు తాతయ్యా.”

ముక్కుపుడకకైనా చాలదు! “ఆ పాటిదానికి బండివాడి పొట్ట కొట్టడమెందుకు? వాడూ బతకాలిగా,” అన్నాను.

“బతకాలనే చెబుతున్నాను,” అన్నాడు వాడు. బండివాడి తప్పేమీ లేదు. అక్కడినుంచి సరుకు చేతులు మారి ఎక్కడో ఇరుకుగదికి చేరుతుంది. అక్కడ రాగికోసం తీగలు ఆరుబయట కాలుస్తారు. బంగారంకోసం పలకలను ఆమ్లంలో ముంచుతారు. చేతికి తొడుగుండదు, ముక్కుకు గుడ్డ ఉండదు. ఆ పొగ, సీసం వాళ్ళ ఊపిరితిత్తుల్లోకీ, మిగిలిన ఆమ్లం కాలవలోకీ పోతాయి. ప్రపంచంలో 2022లో పోగైన ఇలాంటి చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులైతే, పద్ధతిగా శుద్ధి అయినట్టు లెక్క తేలింది అందులో నాలుగోవంతుకూడా లేదు.

పద్ధతంటూ ఉంది. ఈ ఊళ్ళోనే చర్లపల్లిలో సి-మెట్ అనే కేంద్రప్రభుత్వ పరిశోధనాసంస్థ ఈ పలకలనుంచి లోహాలు తీసే విధానాన్ని రూపొందించింది. పొగను బయటికి వదలకుండా బంధించి, లోహాన్ని కరిగించి, విద్యుత్తుతో రాగిని శుద్ధిచేస్తే, అడుగున మిగిలే మడ్డిలో వెండిబంగారాలుంటాయి. 2023 ఏప్రిల్ 1నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, పాత పరికరాలను నమోదైన కర్మాగారాల ద్వారా శుద్ధిచేయించే బాధ్యత తయారీదార్లదే.

ఆ రాత్రి మనవడు ఎక్కడో సన్నపిన్ను ఛార్జరు సంపాదించి మా ఆవిడ ఫోను వెలిగించాడు. పేర్ల పట్టికలో నాకోసం వెతికాను. లేను. నా నంబరు ఎదుట ‘ఆయన’ అని ఉంది.

“నీ పేరేమని రాయను అంటే, ‘ఆయన అని రాయరా, చాలు’ అంది అమ్మమ్మ,” అన్నాడు వాడు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు నంబర్లన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. వాడు ఫోటోలు దాచి, మిగతా ఫోన్లు చెరిపి, సిమ్ములు తీశాడు. ఉబ్బిన బ్యాటరీలను గుచ్చకూడదు, నొక్కకూడదు, నిప్పంటుకుంటుందని వాటిని విడిగా పెట్టాడు. ఇద్దరం వెళ్ళి, నమోదైన కర్మాగారానికి పంపే సేకరణ కేంద్రంలో ఏడూ ఇచ్చి రశీదు తెచ్చుకున్నాం. ఆవిడ సిమ్ము మాత్రం నా కళ్ళజోడు పెట్టెలో ఉంది.

మీ ఇంట్లోనూ అలాంటి సొరుగొకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం లాగి చూడండి.