పదిహేనేళ్ల కారు

మా కారుకు పదిహేనేళ్లు నిండబోతున్నాయన్న సంగతి రిజిస్ట్రేషన్ పత్రం చూసేవరకు నా దృష్టికి రాలేదు. 2007 జూన్ నెలలో నాన్నగారు దగ్గరుండి కొనిపించిన మారుతి 800 అది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేను సంవత్సరాల వరకే చెల్లుతుంది. ఆపైన అధికారులు తనిఖీ చేసి, రహదారిపై తిరగడానికి యోగ్యమైనదని నిర్ణయిస్తేనే మరో ఐదేళ్ల గడువు లభిస్తుంది. బాడుగ కార్లకైతే ఎనిమిదేళ్లు దాటిన పిమ్మట ఏటేటా ఈ పరీక్ష తప్పదు. ముప్పై ఏళ్లుగా ఇతరులకు పరీక్షలు పెడుతున్న నేను 2022 వేసవిలో ఈ పరీక్షకు సిద్ధం కావలసి వచ్చింది.

గడువు తీరడానికి అరవై రోజుల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు చేసుకోవాలి. మా కారుకు ఆ అవకాశం ఏప్రిల్ నడుమ వచ్చింది. ఆ నెల ఒకటో తేదీనుంచే రుసుము ఆరువందల రూపాయల నుంచి ఐదువేలకు పెరిగింది! పక్షం రోజుల తేడాతో నా జేబుకు చిల్లు పడింది. అదే నెల 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడగా, రేపల్లెలో ఉన్న మా అమ్మ ఆ జిల్లాకు చెందింది. తెనాలిలో ఉన్న నేను గుంటూరు జిల్లాలోనే మిగిలాను. ప్రతి ఆదివారం నేను రేపల్లె వెళ్లి, అమ్మను కారెక్కించుకొని, బాపట్లలో ఉన్న మా చెల్లెలి ఇంటికి తీసుకువెళ్లడం నాన్నగారు గతించిన నాటినుంచి అలవాటు. మోకాళ్ల నొప్పులతో అమ్మ బస్సు మెట్లు ఎక్కలేదు.

“అన్నయ్యా, దాన్ని తుక్కుకిచ్చి వేరొకటి కొనుక్కోరాదా?” అన్నది మా చెల్లెలు. కొనవచ్చు. కాని అప్పటికి నా కుమారుని చదువుకై చేసిన అప్పు తీరలేదు. పైగా, నాన్నగారు కూర్చున్న కారు తప్ప వేరొకటి ఎక్కనని అమ్మ పట్టుదల.

తెనాలిలో కాలువ ఒడ్డున షెడ్డు నడిపే మేస్త్రికి కారు అప్పగించాను. ఆయన చదివినది ఐదో తరగతి. ఇంజను శబ్దాన్ని తల వంచి ఆలకించి, మూడు సిలిండర్లలో ఏది జబ్బుపడిందో చెప్పగలడు. ఋతుపర్ణుని శాలలో బక్కచిక్కిన గుర్రాలనే ఏరుకొన్న బాహుకుడు నాకు గుర్తుకు వచ్చాడు. చూసేవారికి అవి పనికిమాలిన గుర్రాలు. వాటి సత్తువ ఎక్కడున్నదో ఎరిగినవాడు నలుడొక్కడే.

మేస్త్రి ఇంజను బాగానే ఉందన్నాడు. హెడ్ లైటు, వైపర్లు మార్చాలి. పొగ పరీక్ష చేయించాలి. ఛాసిస్ నంబరుమీద కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవాలి. ఆ పని నేనే చేస్తానన్నాను. శాసనాల అచ్చులతో కొంత పరిచయం ఉన్నవాణ్ణి కదా! నేను ప్రతివారం దాటిపోయే భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే స్తూపాన్ని తవ్వించినప్పుడు, ధాతువుల భరిణెలపై బ్రాహ్మీ లిపి శాసనాలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్లు దాటినా ఆ అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. మా కారు అంకెలు మాత్రం పదిహేనేళ్లకే తుప్పుపట్టి, 3 ఏదో 8 ఏదో తెలియకుండా ఉన్నాయి. కిరసనాయిలుతో తుడిచి, నాలుగుసార్లు రుద్దితేగాని స్పష్టమైన అచ్చు రాలేదు.

తుప్పుకు కారణం నాకు తెలుసు. ఏడేళ్లు నేను బాపట్లలో ఉద్యోగం చేశాను. సూర్యలంక నుంచి వచ్చే ఉప్పుగాలిలో కారు ఆరుబయటే ఉండేది. ముందుసీటు కింది చాప తొలగించి చూసి, మేస్త్రి నన్ను పిలిచాడు. నేల రేకులో అరచేయి పట్టేటంత చిల్లు! అమ్మ కాళ్లు పెట్టుకొనే చోటు అది.

“టైర్లు అరిగాయి మాస్టారూ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లన్నా ఉండాలి. మీవి అంత లేవు. తనిఖీ రోజుకు నా దగ్గరున్న మంచివి బిగిస్తాను. మర్నాడు ఇచ్చేయండి. చాపకింది చిల్లు ఎవరికీ కనబడదు. హ్యాండ్ బ్రేకు కూడా చదును నేలమీద నిలుస్తుందిలెండి” అన్నాడు మేస్త్రి.

నేను సరేనన్నాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. చూచిరాతను పట్టుకొని ఎందరినో మందలించిన ఉపాధ్యాయుణ్ణి!

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అంతకుముందు వేసవిలో జరిగినది ఒకటుంది. వేమూరు దాటాక కాలువకట్ట వాలులో కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, తాటిముంజలు కొనడానికి దిగాను. వెనుదిరిగి చూసేసరికి అమ్మతోసహా కారు నెమ్మదిగా వెనక్కు జారుతున్నది. చక్రానికి ఒక రాయి అడ్డుపడకపోతే కాలువలోకే. పరుగున వెళ్లి బ్రేకు తొక్కాను. కునుకుతున్న అమ్మకు మెలకువ రాలేదని ఊరట చెంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తీగ బిగించుకొని అప్పటికి సరిపెట్టుకొన్నాను.

తెల్లవారగానే షెడ్డుకు వెళ్లాను. వెనుక డ్రమ్ములు విప్పించి బ్రేకు షూలు, హ్యాండ్ బ్రేకు తీగ కొత్తవి వేయించాను. నాలుగు టైర్లూ కొన్నాను. చిల్లు చుట్టూ కోయించి, కొత్త రేకు అతికించి వెల్డింగు చేయించాను. మొత్తం పందొమ్మిది వేల చిల్లర. ఆ కారును అమ్మితే అంతకు రెట్టింపు వచ్చేదేమో! మేస్త్రి మాత్రం నొచ్చుకొన్నాడు. “మీకు ఖర్చు తగ్గిద్దామనే చెప్పాను” అన్నాడు. నిజమే, ఆయన ఉద్దేశం అంతే.

తనిఖీ పావుగంటలో ముగిసింది. లైట్లు, హారను, బ్రేకులు చూశారు. పెన్సిలు అచ్చును ఛాసిస్ నంబరుతో సరిపోల్చారు. చాప ఎత్తి చూడలేదు. 2027 వరకు గడువు ఇచ్చారు.

ఆ ఆదివారం రేపల్లె వెళ్లాను. అమ్మ ముందుసీటులో కూర్చొని, కాళ్లు అటూ ఇటూ కదిపి చూసుకొన్నది.

“ఇక్కడ గాలి రావడం లేదేమిరా?” అన్నది.

“చిల్లు ఉన్నట్టు నీకు తెలుసా అమ్మా?”

“రెండేళ్లబట్టీ తెలుసు. చెబితే నువ్వు కారు అమ్మేస్తావని ఊరుకున్నాను.”

కాసేపాగి, కాలువకట్ట సంగతి చెప్పాను.

“ఆరోజు నాకు మెలకువ వచ్చింది నాయనా,” అన్నది అమ్మ, “కిటికీ అద్దం కాస్త దించు.”